గాజు పలక కింద కాయిల్

కరెంటు పొయ్యి అనగానే నా వయసు ఆడవాళ్ళకు ముందు గుర్తొచ్చేది తెల్లటి పింగాణీ పళ్ళెం, దాని గాళ్ళలో చుట్టలు చుట్టుకొని పడుకున్న తీగ. స్విచ్చి వేస్తే రెండు నిమిషాల్లో నిప్పుకణికలా ఎర్రబడేది. ఇప్పటి పిల్లలకు కరెంటు పొయ్యి అంటే అద్దంలా నున్నగా ఉండే నల్లటి గాజు పలకే. మా ఆడబిడ్డ కూతురు అమెరికాలో అద్దె ఇల్లు మారుతోంది. చూసిన ఇళ్ళలో ఒకదాంట్లో కాయిల్ స్టవ్ ఉందట, ఇంకోదాంట్లో గాజుదట. ఏది మంచిది అత్తా అని అడిగింది. ఇక్కడ తిరుపతిలోనూ గ్యాసుకు తోడుగా ఒక కరెంటు పొయ్యి పెట్టుకుందామనుకునే వాళ్ళు ఇదే ప్రశ్న అడుగుతున్నారు. ఒక్క మాటలో చెప్పేయొచ్చు. కానీ ఈ రెండూ మన వంటింటికి ఏ దారిన వచ్చాయో తెలిస్తే, ఆ మాట ఎవరికి వారే చెప్పుకోగలరు.

తీగ కథ 1906లో మొదలైంది. అంతకుముందు కరెంటుతో వేడి పుట్టించడం తెలియక కాదు, ఆ వేడికి నిలిచే తీగ దొరక్క. ఇనుప తీగ ఎర్రగా కాలితే గాలి తగిలి తుప్పు పొరలుగా రాలిపోతుంది, నాలుగు రోజుల్లో తెగుతుంది. అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ అనే ఆయన సుమారు 80 పాళ్ళు నికెల్‌కు 20 పాళ్ళు క్రోమియం కలిపి ఒక లోహం చేశాడు. అదే నైక్రోమ్. ఎంత ఎర్రబడినా దాని మీద సన్నటి పొర ఒకటి పుట్టి లోపలి తీగను కాపాడుతుంది. పాలకు మీగడ కట్టినట్టన్నమాట. మన ఇస్త్రీపెట్టె, బ్రెడ్డు కాల్చే టోస్టరు, హీటరు అన్నీ ఆ మీగడ పుణ్యమే.

1920ల చివరికి అమెరికా వాళ్ళు ఈ తీగను ఒక లోహపు గొట్టంలో పెట్టి, చుట్టూ కరెంటును పోనివ్వని తెల్లటి పొడి కూరి, మూసేశారు. వేడి బయటికి వస్తుంది, కరెంటు రాదు. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ దానికి కాల్‌రాడ్ అని పేరు పెట్టుకుంది. మా అమ్మాయి చూసిన కాయిల్ స్టవ్ ఆ సంతతిదే. మన బజారుకు మాత్రం ఏ తొడుగూ లేని తీగే వచ్చింది. పేరు ఒకటే కాయిల్, కానీ అక్కడి కాయిల్ వేరు, మన కాయిల్ వేరు. ఈ ముక్క గుర్తుంచుకోకపోతే అక్కడి వాళ్ళు రాసిన సలహాలు చదివి ఇక్కడ హీటరు కొనుక్కుంటాం.

ఆ తొడుగు లేని తీగతో తిరుపతిలో ఎంతమంది చదువులు గట్టెక్కాయో లెక్కలేదు. 1954లో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది, 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. పీలేరు, మదనపల్లి, పుంగనూరు, పలమనేరు వైపు నుంచి పిల్లలు మూటాముల్లె కట్టుకొని వచ్చి అద్దె గదుల్లో చేరేవాళ్ళు. గ్యాసు కనెక్షను ఇవ్వడానికి వాళ్ళకు రేషను కార్డా, సొంత చిరునామానా? ఒక హీటరు, ఒక సిల్వర్ తపేలా, ఇంటినుంచి తెచ్చుకున్న ఊరగాయ, చెనక్కాయల పొడి. అంతే సంసారం. హాస్టళ్ళలో హీటరు నిషేధం. ఇళ్ళ ఓనర్లు కూడా మీటరు పరుగు చూసి గొణిగేవాళ్ళు. తీగ తెగితే రెండు కొసలూ సాగదీసి మెలిపెట్టి మళ్ళీ గాడిలో పెట్టడం అప్పటి ప్రతి విద్యార్థికీ తెలిసిన విద్య. అట్లా మెలిపెట్టిన చోట తీగ మరీ ఎక్కువ కాలి మళ్ళీ అక్కడే తెగుతుంది. పాలు పొంగి తీగమీద పడితే, లేదా తపేలా అడుగు తీగకు ఆనుకొని ఉన్నప్పుడు ఇనుప గరిటెతో కలిపితే, షాకు. తడి నేలమీద వట్టి కాళ్ళతో నిలబడి వండే మన అలవాటుకు ఇంతకన్నా పడని పొయ్యి ఇంకోటి లేదు.

మరి ఇంత ప్రమాదం తెలిసి ఎందుకు వాడాం అంటే, దానికి ముందున్న పొయ్యిలేమీ మనల్ని ముద్దుచేసినవి కావు. కట్టెల పొయ్యి సంగతి చెప్పనక్కర్లేదు, ఊదుగొట్టం ఊది ఊది మా అవ్వ కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. కట్టెకు కరువొచ్చిన టౌన్లలో రంపప్పొట్టు పొయ్యి వచ్చింది. రేకు డబ్బా మధ్యలో ఒక సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టించి, సీసాను మెల్లగా తిప్పుతూ పైకి లాగాలి. మధ్యలో పడిన ఆ బొక్కే పొయ్యి గొంతు. కింద రంధ్రంలో నిప్పు పెడితే గంటల తరబడి కాలేది. సీసా లాగేటప్పుడు చెయ్యి వణికితే పొట్టంతా కూలిపోయి మళ్ళీ మొదటికి వచ్చేది. ఆ తర్వాత సీమనూనె స్టవ్‌లు. వత్తుల స్టవ్ మెత్తనిది, మసి తప్ప దాంతో బాధ లేదు. ఇండియన్ ఆయిల్ వాళ్ళ పరిశోధన కేంద్రం తయారుచేసిన నూతన్ స్టవ్ పేరు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

పంపు స్టవ్ అట్లా కాదు. 1892లో స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ అనే ఆయన చేసిన ప్రైమస్ స్టవ్‌కు అది మనుమరాలు. గాలి కొట్టి, పిన్ను పెట్టి, చెవులు హోరెత్తేట్టు మండించాలి. మా చిన్నప్పుడు పేపర్లో "స్టవ్ పేలి వివాహిత మృతి" అనే వార్త లేని వారం ఉండేది కాదు. స్టవ్ నిజంగా పేలిన ఇళ్ళూ ఉన్నాయి. కానీ అదే స్టవ్ అత్త చేతిలో ఎందుకు పేలదు, ఎప్పుడూ కొత్త కోడలి చేతిలోనే ఎందుకు పేలుతుంది అని దేశంలో ఆడవాళ్ళు రోడ్డెక్కి అడిగారు. 1983లో 498ఎ సెక్షను, 1986లో వరకట్న మరణాల సెక్షను 304బి చట్టంలోకి వచ్చాయి. పొయ్యిల చరిత్ర రాసేవాళ్ళు ఈ మాట వదిలేసి కంపెనీల పేర్లూ సంవత్సరాలూ రాసుకుంటూ పోతే నాకు కోపమొస్తుంది. వంటింట్లో మంట లేకుండా ఉండాలని ఆడవాళ్ళు కోరుకోవడం వెనక సుఖం ఒక్కటే లేదు.

ఇక గాజు సంగతి. 1953లో అమెరికాలోని కార్నింగ్ గాజు కంపెనీలో డొనాల్డ్ స్టూకీ అనే శాస్త్రవేత్త ఒక గాజు ముక్కను కొలిమిలో 600 డిగ్రీల దగ్గర వేడి చేద్దామని పెట్టాడు. కొలిమి చెడిపోయి వేడి 900 డిగ్రీలకు పోయింది. కరిగి ముద్దయిపోయి ఉంటుందనుకొని తలుపు తీస్తే, తెల్లగా గట్టిపడిన పలక. పట్టుకారు జారి కింద పడింది. పగల్లేదు! గాజులో సన్నటి స్ఫటికాలు పుట్టి అది గాజూ పింగాణీ కలిసిన కొత్త వస్తువయింది. అట్లాంటి గాజును సరైన పాళ్ళలో చేస్తే వేడికి సాగదు, చల్లబడితే ముడుచుకోదు. ఎర్రగా కాలుతున్న పలక మీద చన్నీళ్ళు పడ్డా పగలదు. 1970ల మొదట్లో జర్మనీలో షాట్ కంపెనీ ఈ గాజుతో వంట పలకలు చేసి సెరాన్ పేరుతో బజారులో పెట్టింది.

ఆ నున్నటి పలక కింద ఏముందో తెలుసా? మన పాత కాయిలే. అదే తరహా తీగను చుట్ట చుట్టి గాజు కింద దాచారు. అది ఎర్రబడుతుంది, ఆ వేడి గాజులోంచి గిన్నెకు తగులుతుంది. మన షాపుల్లో ఇప్పుడు ఇన్‌ఫ్రారెడ్ స్టవ్ అని, ఏ గిన్నెకైనా పనిచేస్తుందని అమ్మేదీ ఆ జాతిదే. అంటే మా అమ్మాయి అడిగిన ప్రశ్నలో రెండు పక్కలా కాయిలే ఉంది. గాజు చేసిన పని ఒకటే, మన చేతికీ ఆ తీగకూ మధ్య అడ్డం నిలబడడం. తొడుగు లేని హీటరుతో వండినవాళ్ళకు అది చిన్న పనిగా కనిపించదు.

ఇక్కడొక మాట చెప్పాలి, షాపులో చాలామంది తికమక పడుతున్నారు. గ్యాసు స్టవ్‌ల మీద ఉండే గాజు ఇది కాదు. అది కారు అద్దంలాంటి గట్టిపరచిన గాజు. బర్నరు వేడి, పైనుంచి తడిబట్ట కలిసి ఒక్కోసారి ఢామ్మని ముక్కలవుతుంది. దాన్ని చూసి కరెంటు గాజు పలకలకు భయపడక్కర్లేదు, కరెంటు పలకలను చూసి దానికి ధైర్యపడనూ కూడదు.

కాయిల్‌కు ఇంకో రూపం కూడా ఉంది, ఇండక్షన్. 1971లో అమెరికాలో వెస్టింగ్‌హౌస్ కంపెనీ దీన్ని జనానికి చూపించింది. ఇందులోనూ గాజు కింద చుట్ట చుట్టిన తీగే, కాకపోతే రాగిది. అది ఎర్రబడదు. సెకనుకు వేలసార్లు దిశ మార్చుకునే కరెంటు అందులో పారుతుంటే, పైనున్న గిన్నె అడుగులో కూడా కరెంటు సుళ్ళు పుట్టి గిన్నే వేడెక్కుతుంది. పొయ్యి కాలకుండా గిన్నె కాలడం! గిన్నె తీస్తే వేడి ఆగిపోతుంది. కానీ దీనికొక షరతు. గిన్నె అడుగు అయస్కాంతాన్ని పట్టుకునే లోహం కావాలి.

ఆ షరతే మన ఇళ్ళలో అసలు తగవు పెట్టింది. మన అటకల మీద ఉన్నవేమిటి? సత్తు గిన్నెలు. వాటికీ ఒక చరిత్ర ఉంది. 1898లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో అల్యూమినియం పాత్రలు చేయించడం మొదలుపెట్టాడు. అప్పటికి చిత్తూరు జిల్లానే లేదు, 1911లో ఏర్పడింది. చిత్తూరు అప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం, మద్రాసు మనకు దగ్గరి పట్నం. ఇత్తడి గిన్నెకైతే ఏటా కళాయి పోయించాలి, బరువు, ఖరీదు. సత్తు గిన్నె తేలిక, చవక, కళాయి గొడవ లేదు. అట్లా చేరిన సత్తు గిన్నెలు, తర్వాత వచ్చిన అల్యూమినియం కుక్కర్లు ఇండక్షన్ గాజు మీద పెడితే కీచుమని అరిచి ఆగిపోతుంది. రాగి చెంబూ అంతే, మట్టి దాకా అంతే. స్టవ్ రెండువేలకు వచ్చిందని మగవాళ్ళు మురిసిపోతూ తెచ్చి గట్టుమీద పెడతారు. దానికి తగిన కుక్కరు, పెనం, పాలగిన్నె, బాణలి కొనే ఖర్చు మాత్రం ఇంటి ఖర్చు పద్దులో, అంటే మన పద్దులో, పడుతుంది. కొత్త పొయ్యి ధరలో కొత్త గిన్నెల ధర కలిపి చెప్పే షాపువాణ్ణి నేనింతవరకు చూడలేదు.

తెలుగు ఇళ్ళలోకి ఇండక్షన్ గుంపుగా వచ్చిన కాలం నాకు బాగా గుర్తుంది. 2012 సెప్టెంబరులో కేంద్రం సబ్సిడీ సిలిండర్లు ఏడాదికి ఆరే అన్నది. ఉమ్మడి కుటుంబాలు ఘొల్లుమన్నాయి. 2013 జనవరిలో తొమ్మిది చేశారు, 2014లో పన్నెండు చేశారు. ఆ మధ్యలో భయంతో కొన్న ఇండక్షన్ స్టవ్‌లు ఎన్నో. తమాషా ఏమిటంటే సరిగ్గా అప్పుడే మన రాష్ట్రంలో కరెంటు కోతలు. గ్యాసు మిగులుద్దామని కొన్న పొయ్యి, వంట వేళకు కరెంటు లేక గ్యాసు వైపే చూసేది. ఎన్నో ఇళ్ళలో అది టీ పొయ్యిగా మిగిలిపోయింది.

ఇప్పుడు మన ప్రాంతపు పరీక్ష, సంగటి. నా లెక్కలో చిత్తూరు జిల్లాలో ఏ పొయ్యికైనా ఇదే పదో తరగతి పరీక్ష. నూకలు ఉడికాక పైన రాగిపిండి పోసి, మధ్యలో కట్టెతో బొక్క చేసి, మూత పెట్టి మగ్గనిచ్చి, ఆ తర్వాత ఒంట్లో బలమంతా పెట్టి గెలకాలి. గ్యాసు మీద గిన్నెను ఒక చేత్తో పటకారుతో బిగించి పట్టుకొని గెలికేస్తాం, స్టాండు కాళ్ళు గిన్నెను కదలనివ్వవు. నున్నటి గాజు మీద గిన్నె జారుతుంది, గుండ్రంగా తిరుగుతుంది. ఎత్తి ఎత్తి పడేస్తే గాజుకు గండం. పైగా చిన్న ఇండక్షన్లలో వేడంతా అడుగు మధ్యలోనే, ఉండలు కరిగేలోగా అడుగంటుతుంది. హీటరు మీద గెలకాలని చూడడం వట్టి తెగింపు, పింగాణీ పళ్ళెం పగులుతుంది, తీగ తగులుతుంది. దారి ఒకటే. మగ్గిన గిన్నెను కిందికి దించి, పాతబట్ట మీద కుదురుగా పెట్టి గెలకడం. మా అవ్వ కట్టెల పొయ్యి నుంచి కుండ దించి, రెండు పాదాలతో అదిమి పట్టి గెలికినట్టే. 1971 నాటి అమెరికా పొయ్యి మనల్ని మళ్ళీ నేలమీద కూర్చోబెడుతోంది!

రెండో పరీక్ష పాకం. సంక్రాంతికి అరిసెల పాకం పొంగి వేడి సెరాన్ గాజు మీద పడితే మామూలు మరక కాదు. చల్లారేటప్పుడు గాజును పట్టుకొని పైపొరను చెక్కేస్తుంది, గుంటలు పడతాయి. చల్లారేదాకా ఆగకుండా స్టవ్ ఆపి, చెయ్యి కాలకుండా బ్లేడు గీకుడుతో వెంటనే తీసేయాలి. కాయిల్ మీద అదే పాకం పడితే మాడి, పొగ వచ్చి, పోతుంది. కింద పళ్ళెం కడుక్కుంటే సరి. వంకాయ కాల్చి పచ్చడి చేసుకోవడం మాత్రం గాజు మీద కుదరదు. కాయిల్ మీద జాలీ పెట్టి ఎట్లాగో కానిస్తారట అమెరికాలో మనవాళ్ళు, పొగకు అలారం మోగితే తువ్వాలు ఊపుతూ.

లెక్కలు కూడా చూద్దాం. 14.2 కిలోల సిలిండరులో ఉన్న వేడిని కరెంటు లెక్కలో చెబితే సుమారు 180 యూనిట్లు. ఐఎస్ఐ గుర్తు గ్యాసు స్టవ్ అందులో కనీసం 68 శాతం గిన్నెకు అందించాలి. మన వంటింటి గాలికి, మసి పట్టిన బర్నరుకు అంతకన్నా తక్కువే అనుకోండి. ఇండక్షన్ 85 శాతం దాకా అందిస్తుంది. అంటే ఒక సిలిండరు వంటకు 130 నుంచి 140 యూనిట్లు కావాలి. కాయిల్‌కు ఇంకో పాతిక ముప్పై ఎక్కువ. తిరుపతిలోనే ప్రధాన కార్యాలయం ఉన్న మన దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ బిల్లు తీసి శ్లాబులు చూడండి. 2022లో వచ్చిన శ్లాబుల్లో 76 నుంచి 125 యూనిట్ల దాకా నాలుగున్నర రూపాయలు, 225 దాకా ఆరు, ఆపైన 400 దాకా 8 రూపాయల 75 పైసలు. నెలకు 60 యూనిట్లు కాల్చే చిన్న కాపురం 135 యూనిట్లు వంటకు కలుపుకుంటే అదనంగా ఏడువందల లోపే. ఏసీ, గీజరుతో ఇప్పటికే 150 కాలుస్తున్న ఇల్లు అవే 135 కలుపుకుంటే తొమ్మిది వందలు దాటుతుంది, సర్దుబాటు చార్జీలు వేరే. వంట ఒకటే, పొయ్యి ఒకటే, ఇంటిని బట్టి ధర మారిపోతుంది. అందుకే "మా అక్కకు చవక పడింది" అన్న మాట నమ్మి కొనకూడదు.

గ్యాసు చరిత్రలోనూ ఇదే పాఠం. 1999లో దీపం పథకం కింద పొదుపు సంఘాల ఆడవాళ్ళకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. దాన్ని తెచ్చిన ముఖ్యమంత్రిది మన చంద్రగిరి దగ్గరి నారావారిపల్లె. పొయ్యి ఇంటికొచ్చింది కానీ సిలిండరు మళ్ళీ నింపించడానికి డబ్బులేక పల్లెల్లో చాలామంది దాన్ని చుట్టాలొచ్చినప్పుడే వెలిగించేవాళ్ళు, మిగతా రోజులు కట్టెలే. 2024 నవంబరు నుంచి దీపం రెండో విడతలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తున్నారు. పొయ్యి ఇవ్వడం వేరు, దాన్ని రోజూ మండించే స్తోమత ఇవ్వడం వేరు అని తెలియడానికి పాతికేళ్ళు పట్టింది.

మా అమ్మాయికి నేను చెప్పింది ఇది. అక్కడి కాయిల్ తొడుగున్న కాయిల్ కాబట్టి షాకు భయం లేదు. ఇక్కడినుంచి మోసుకెళ్ళిన సత్తు కుక్కరూ, అడుగు కాస్త వంకర పోయిన బాణలీ దానిమీద నడుస్తాయి. ఈమధ్య ఏళ్ళలో వస్తున్న కాయిల్ స్టవ్‌లు మరీ వేడెక్కితే వాటంతటవే తగ్గిపోతాయి, దోసె కాస్త ఆలస్యమవుతుంది, కంగారు పడొద్దు. గాజుదైతే ముందు అది లోపల కాయిల్ ఉన్నదా, ఇండక్షనా అడుగు. లోపల కాయిల్ ఉంటే స్టవ్ ఆపినా పలక చాలాసేపు కాలుతూనే ఉంటుంది, నీ చంటిది గట్టు అందుకునే వయసులో ఉంది. ఇండక్షనైతే పిల్లకు మేలు, సూట్‌కేసులో సత్తు గిన్నెలు పెట్టుకోవద్దు.

ఇక్కడ మన ఊళ్ళో అడిగే వాళ్ళకు ఇంకోలా చెబుతున్నాను. పింగాణీ పళ్ళెం హీటరు ఎంత చవకైనా కొనొద్దు, పిల్లల గదికి అసలు పంపొద్దు. అటక నిండా సత్తు గిన్నెలుండి, కొత్తవి కొనే ఓపిక లేకపోతే ఇన్‌ఫ్రారెడ్ తీసుకోండి, కరెంటు కాస్త ఎక్కువ కాలుతుందని తెలిసి తీసుకోండి. పాలు, టీ, నీళ్ళు, కుక్కరు వరకు చాలనుకుంటే ఇండక్షన్. షాపుకు వెళ్ళేముందు ఫ్రిజ్ తలుపుకు అంటించే అయస్కాంతం ఒకటి తీసుకొని మీ గిన్నెలన్నిటి అడుగులూ ఒకసారి తాకించి చూడండి, పట్టుకున్నవి ఒక పక్క, పట్టుకోనివి ఒక పక్క. ఏ పొయ్యి అయినా 2000 వాట్లంటే దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. పాత ఇళ్ళలో మిక్సీ పెట్టుకునే చిన్న ప్లగ్గులో పెడితే ప్లగ్గే కాలిపోతుంది. పెద్ద ప్లగ్గు ఉందా, దానికి ఎర్తు ఉందా అని ఎలక్ట్రీషియన్ను పిలిచి చూపించాకే డబ్బు కట్టండి.

సంగటికి మాత్రం గ్యాసు బర్నరు ఒకటి ఉంచుకోండి.